తోకవైపు

ముప్ఫై ఒక్క ఏళ్లు ఇసాఫ్యోర్దుర్ ఫ్యాక్టరీలో
కాడ్ చేపల తోలు ఒలిచాను.
మాంసం ఇంగ్లండుకి, తలలు నైజీరియాకి,
తోలు నీలం డబ్బాలోకి.
మా లెక్కల పుస్తకంలో దాని పేరు చెత్త.

ఇప్పుడు నా పిక్క మీద గుంట.
చక్కెర జబ్బు తవ్వింది, ఐదు నెలలైనా పూడదు.
ఎముక ఇంకెంత దూరమో డాక్టరు చెప్పలేదు,
నేనూ అడగలేదు.

నర్సు బోగుమీలా పొట్లం చించింది.
పొలుసుల్లేని తెల్లటి ముక్క,
గంజి పెట్టిన గుడ్డలా బిర్రుగా.
అలవాటు కొద్దీ ముక్కు ముందుకు చాచాను.
సముద్రం వాసన లేదు. కొంచెం చిన్నబోయాను.

ఉప్పునీళ్లు చిలకరించగానే
ఏదో గుర్తొచ్చినట్టు మెత్తబడింది.
"అటు కాదమ్మాయ్, తోకవైపు ఇటు."
పొలుసులు ఊడిన గుంటల్ని
నా కన్ను ఇంకా చదవగలదు.
ఎటు పెట్టినా ఒకటేనంది.
ఒకటే కావచ్చు. అయినా
తిప్పి, నేను చెప్పినట్టే పెట్టింది.

వారం పోయాక కట్టు విప్పితే తోలు లేదు.
గుంట అడుగున ఎర్రటి కండ, పిల్లి నాలుకంత.
"జారిపోయిందా?"
"లేదు వాల్‌థోరా, నువ్వే కలిపేసుకున్నావు."

ఇంకో ముక్క. అదీ మాయం.
కిటికీ బయట మంచు తగ్గి పడవలు కదిలాయి.
ఎన్ని వేల తోళ్లు విసిరేశానో,
ఒక్కటీ పగబట్టలేదు కాబోలు.
లేక ఇదే పగేమో,
నాలో ఉండిపోవడం.

నిన్న రాత్రి పళ్లెంలో చేప.
తోలు ఎప్పటిలాగే అంచుకి నెట్టి
చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.
బంగాళాదుంప చల్లారిపోయింది.