రెండు గంటల క్లాసు

రెండు గంటలకు క్లాసన్నారు.
భోంచేసి, చీర మార్చుకుని వెళ్తే
గేటు దగ్గర గిజాచెవ్ జాలిగా నవ్వాడు.
ఇథియోపియాలో గడియారం పొద్దుతోనే లేస్తుందట,
వాళ్ళ రెండంటే నా ఎనిమిది.
లెక్కల టీచరు తొలిరోజే
తీసివేతలో తప్పింది.

ఇంజెరాని చూసి
పుల్లట్టేగా అనుకున్నాను.
ముక్క తుంచి నోట్లో పెట్టుకుంటే
పులుపు చెవుల్దాకా పాకింది.
కూరలన్నీ దాని మీదే,
కంచమూ అదే, తినేదీ అదే,
అందరి చేతులూ అందులోనే.
ఎంగిలంటే ఏమిటో
ఎంత చెప్పినా ఎవరికీ అర్థం కాలేదు.

పొదుపుగా వాడుకుంటున్న కందిపొడిని
షిరో పిండి అనుకుని
మరిగే నీళ్ళలో పోసి గరిటె తిప్పేసింది
ఇంటావిడ అత్సెదే.
శుక్రవారం, ఆవిడకి ఉపవాసం,
నెయ్యి చుక్కయినా లేదు.
నా ఆరు నెలల ధైర్యం
మట్టి దాకలో బుడగలేస్తుంటే
కోపం తెలుగులో వచ్చింది.
ఆవిడ నవ్వి, ముద్ద చుట్టి నోటికందించింది.
ఒంటిముద్ద పగట,
మూడోది మింగేదాకా చెయ్యి దించలేదు.
ఇంగువ ఉంది, జీలకర్ర ఉంది,
నాది కానిది ఇంకేదో ఉంది.
బావుందని చెప్పలేకపోయాను,
భాష రాక కొంత,
ఒప్పుకోలేక కొంత.

నిన్న ఎనిమిదో తరగతిలో
భిన్నాలు తేలక
బల్ల గీకుతున్న వుబిషెత్
టైమెంత టీచర్ అన్నాడు.
చేతి గడియారంలో పది.
“నాలుగు” అన్నాను.
ఆరెప్పుడు తీసేశానో
నాకే తెలీలేదు.