అస్పష్టం అని రాశాను

న్యూకాసిల్‌లో జనవరి. బొగ్గు ఓడలు
రేవు బయట వరసకట్టి ఎండలో మరుగుతున్నాయి.
మూడో అంతస్తులో, తెరలు దించిన గదిలో
నేనొక ముసలామె చేతుల్ని
సెకనుకి పాతిక ముక్కలుగా తరుగుతున్నాను.

ఫిలొమినా డగ్గన్, ఎనభై ఆరేళ్ళు.
మాట మాటకీ ఒక గడి:
చెయ్యి ఏ ఆకారం, ఒంటి మీద ఎక్కడ, ఎటు కదిలింది.

వంద మాటల పట్టిక పెట్టుకుని
సైగల భాషలకి వావివరసలు తేల్చాలి.
"తిను" కొట్టేశాం. లోకమంతా చెయ్యి నోటికే పోతుంది,
దాన్ని పట్టుకుని చుట్టరికం కలపలేం.
"తాగు" కొట్టేశాం. "నిద్ర" కొట్టేశాం.
"ఆకుపచ్చ" మిగిలింది. "అబద్ధం" మిగిలింది.
ఎందుకలా చేస్తారో ఎవరూ చెప్పలేని మాటలే
ఎవరింటి పిల్లలో చెబుతాయి.

నోళ్ళు ఒకే ఇంగ్లీషు మాట్లాడినా
లండన్ చేతికీ బోస్టన్ చేతికీ పొత్తు లేదు.
బోస్టన్ వేళ్ళు పారిస్‌కి మనవలు.
ఇక్కడివి లండన్ వేళ్ళు, రెండు చేతుల అక్షరాలు.
అయిదు అచ్చులూ ఎడమచేతి వేళ్ళ కొనల మీద,
మా నాయనమ్మ కణుపుల మీద తిథులు లెక్కపెట్టినట్టు.

చేతిమాట కూడా అరుగుతుంది.
నుదుటి మీద పుట్టింది అరవై ఏళ్ళకి చెంప దాకా జారుతుంది.
రెండో చెయ్యి మెల్లగా పని మానేస్తుంది.
పెద్దవాళ్ళ మణికట్టులో మాత్రం ఒక చిన్న అదురు,
పాత పుస్తకంలో అరసున్నలాగ:
పలికేవాళ్ళు లేరు, అచ్చులో ఉంది.

పంతొమ్మిదో నిమిషం.
ఎవరో టీ ఇచ్చారు. ఎడమ చేతిలో కప్పు.
కుడిచెయ్యి మూడుసార్లు మెదిలింది.
అస్పష్టం, అని రాశాను.
మర్నాడు మళ్ళీ చూసి, మళ్ళీ అస్పష్టం.
చేతిలో కప్పుంటే అందరూ సగం మాట మింగేస్తారు కదా.

కోరల్ పుట్టు బధిరురాలు, నా పక్క కుర్చీ.
భుజం తట్టి వెనక్కి తిప్పమంది. మళ్ళీ. ఇంకా నెమ్మదిగా.
మింగలేదు, అంది తన చేతులతో,
మొత్తం చెప్పింది. నీకు చదవడం రాలేదు.

రెండు వేళ్ళు పైకి.
అవే రెండు వేళ్ళు కిందికి.
పిడికిలి.
ఉనా.

ఎప్పుడో డబ్లిన్ నుంచి ఓడెక్కి వచ్చిన కన్యాస్త్రీలు
ఇక్కడి పిల్లలకి నేర్పిన ఒంటిచేతి అక్షరాలు.
వాటి పుట్టిల్లూ పారిసే.
తర్వాత బడే వాటిని మానేసింది, పెదాలు చదవమంది.
ఫిలొమినా, రెండు చేతుల బడిలో చదివిన క్లైవ్‌ని చేసుకుని
యాభై ఏళ్ళు అతని అక్షరాలతోనే కాపురం చేసింది.
అటకెక్కిన గిన్నెలు
టీ కప్పు వంకతో దిగాయి.

ఒక్కటే చిక్కు. ఆ పిడికిలి.
బొటనవేలు పక్కన నిటారుగా నిలబడాలి,
ఈమెది లోపలికి వాలి, కొస వంకర తిరిగి ఉంది.
డబ్లిన్ వాడుకా? అంతకంటే పాతదా?
మూడు రోజులు పాత చేతిపటాలు తిరగేశాం.
వ్యాసానికి పేరు కూడా అనుకున్నాను.

నాలుగో రోజు కోరల్, నేనూ వాళ్ళింటికి వెళ్ళాం.
నేను అలా అననే లేదు, అంది ఫిలొమినా.
వీడియో చూపించాం.
కళ్ళజోడు మార్చుకుని చూసింది. మళ్ళీ వెయ్యమంది.
తర్వాత భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

పడకగది తలుపు సందులో పడి
చిన్నప్పుడే దాని బొటనవేలు విరిగింది, అంది.
దీపాలు ఆర్పేశాక, కిటికీ వెలుగులో
నాకు అక్షరాలు నేర్పింది
అదే.

పాత మాట చెరిపి, గడిలో రాశాను:
ఉనా. యాస.
మూలం: పక్క మంచం.