ఏడు గంటల తర్వాత

ఆదోని నెట్ సెంటర్లో ఫ్యాను
మూడు రెక్కల మీదా దూదిపింజలు మోస్తూ తిరుగుతోంది.
"మొదటి ఆప్షన్ ఏం పెట్టాలక్కా" అంటాడు మద్దిలేటి,
మౌసు మీద వేలు ఆనించి.
నా వెనక ఇంకా పదకొండు మంది.
ఈ రాత్రి పన్నెండుతో సరి.

ఎమ్మెస్సీ బాటనీ రెండు ఊర్లలోనూ ఉంది.
అవే మొక్కలు, వాటికి అవే నోరు తిరగని పేర్లు.
ఫీజులో తేడా మూడువందల యాభై.
ల్యాబులు చూసుకో అన్నాడు కాలేజీ సారు.
ఉద్యోగాలు చూసుకో అన్నాడు చిన్నాయన.
రెండు వారాల్లో రెండు ఊర్లు తిరిగి
నేను చూసొచ్చింది వేరే.
ఎవరికీ చెప్పలేదు,
రఫ్ నోటు చివరి పేజీలో రాసుకున్నా:
సాయంత్రం ఆడపిల్లలు యాడ కూర్చుంటారు?
ఎంతసేపు?

కర్నూల్లో అన్నీ దగ్గర.
ఆటో దిగితే బజారు, బజారు దాటితే సినిమా,
బురుజు కాడ మిరపకాయ బజ్జీ,
రాళ్ళు తేలిన తుంగభద్ర మీద చల్లగాలి.
బాగుంది. అబద్ధమెందుకు, శానా బాగుంది.
కాని ఆ ఊర్లో మా అత్త ఉంది.
అత్తకు ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ళకొక చీటీల గుంపు,
పూలంగడి సుంకులమ్మ దాకా అందరికీ నా ముఖం తెలుసు.
నేను తాగిన చెరుకురసం సంగతి
నాకంటే ముందే ఆదోని బస్సెక్కింది.
"ఎవురితో తాగితివి మే?"
గడపలోనే అమ్మ.
ఒక్కదాన్నే తాగినా.
ఆ మాట చెప్పడానికే ఎక్కువ సిగ్గేసింది.

డిగ్రీ మూడేండ్లూ అట్లే చదివినా.
ఒంటిగంట బస్సుకు ఇల్లు,
ఇంటికొస్తే అమ్మ మిషన్ కాడ గుండీలు, కాజాలు.
క్లాసులో నలభై రెండు మంది,
ఫోన్లో ఇద్దరి నంబర్లు.
అందులో ఒకటి నోట్సు కోసం.

అనంతపురమంటే గుంతకల్లులో రైలు మారి,
ఊరు దాటి, ఊరే మరిచిపోయేంత దూరం పోయి
రోడ్డు పక్కన ఒక గేటు.
లోపల గాలి. గాలి తర్వాత ఇంకా గాలి.
కొళాయి పొద్దున రెండు గంటలు,
సినిమాకు రెండు బస్సులు,
హాస్టల్ ముందు వేపచెట్టు నీడను కూడా లెక్కేసి ఇస్తుంది.
ఇదేం చోటురా సామీ అనుకుంటూ
బస్సు కోసం నిలబడితే
యాడికీ పోయే దారి లేని పిల్లలు
యాడికీ పోకుండానే బయటికొచ్చినారు.

నీళ్ళ ట్యాంకు చుట్టూ సిమెంటు గట్టు.
పేపర్లో ఉడకేసిన బుడ్డలు.
ఒకామె పాఠం గట్టిగా చదువుతుంటే
ఇంకొకామె ఆమె జడలో చిక్కు తీస్తా తప్పులు దిద్దుతోంది.
వార్డెన్ కూతురికి సైకిల్ నేర్పుతూ ఇద్దరు
సీటు పట్టుకొని పరిగెత్తుతున్నారు.
లైటు వెలిగింది. ఎవరూ లేవలేదు.
ఏడు. ఏడుంబావు.
నన్ను చూసి ఒక పిల్ల
ఊరడగలేదు, పేరు కూడా అడగలేదు,
పక్కనున్న తన చెప్పులు కాలితో అవతలికి జరిపింది.
అంత చోటు.
బస్సొచ్చింది.
ఇంకొకటి ఉంటుందిలే అనుకున్నా.

"కరెంటు పోతాదక్కా, తొందరగా" మద్దిలేటి.
ఈ కారణానికి ఆ తెర మీద గడి లేదు.

ఓటీపీ నాయన ఫోనుకు పోయింది.
మార్కెట్ యార్డులో, పత్తి బోరాల మధ్య,
కండ్లద్దాలు లేక పక్కనోని చేత చదివించుకుంటూ
ఒక్కొక్క అంకె చెప్తున్నాడు.
నాలుగు... సున్నా... ఏడో ఒకటో... ఏడే...
ఆగినాడు.
"ఉరుకుందూ, ఏ ఊరు పెడ్తాండావు?"
చెప్పినా.
పదహారేండ్లు పత్తి లారీల మీద తిరిగి
ఊర్లను అర్ధరాత్రి టీతో గుర్తుపెట్టుకున్న మనిషి,
కాసేపు దగ్గి,
"ఆడ రాత్రిపూట కూచ్చోనీకి యాడన్నా ఉండాదా మే?"

ఉంది నాయనా.
ఇంకా మూడంకెలు చెప్పు.