నిలువు అక్షం: తలకిందులు

మొదట వెలుతురు సరిచూసుకోమంటుంది.
తెర మధ్య ఒక నక్క బొమ్మ.
అది కనీ కనిపించనంత దాకా
గీత మీది చుక్కను ఎడమకు జరపాలి.
బోగుమీల్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
"ఏ నక్క?" అన్నారు.

లెష్నోలో నవంబరు. నాలుగింటికే చీకటి.
కింద ఎవరో బొగ్గు రాజేశారు.
ఆ పొగా, ఉడికే క్యాబేజీ వాసనా
మెట్ల మీద తోసుకుంటూ పైకొస్తున్నాయి.
అమ్మ నైట్ డ్యూటీకి పోతూ నన్నిక్కడ దింపింది,
ఆయన్ని నేను కనిపెట్టుకోవడానికో, నన్ను ఆయనో,
ఇద్దరికీ చెప్పలేదు.

నాకు పదమూడు. నా సంచిలో గేము పెట్టె.
ఆయనకు డెబ్బై తొమ్మిది.
నలభై ఏళ్ళు ఇంజను లేని విమానాలు నడిపారు.
గోడ మీద ఎత్తు కొలిచే గడియారం
సున్నా దగ్గర నిద్రపోతోంది.
"దీనికీ ఇంజను లేదా?"
కంట్రోలర్‌ని వెల్లకిలా తిప్పి చూశారు.

కథ చెప్పాను.
ఎక్కడో ఉపగ్రహం మీద గని. మనుషుల ఊసు లేదు.
గోడల్లోంచి గాజుకాళ్ళ పురుగులొస్తాయి.
మీ చేతిలో ఉన్నది మేకులు దిగ్గొట్టే తుపాకీ.
పన్నెండు మేకులు. అయిపోతే మళ్ళీ నింపాలి.
ఎడమ పుల్ల కాళ్ళు, కుడి పుల్ల తల.

ఆదిలోనే హంసపాదు.
తలుపు తెరిచే మీట పైకప్పు దగ్గరుంది.
పైకి చూడండి, అన్నాను.
ఆయన బూట్లు చూశారు.
పైకండీ, పైకి.
బూట్లు.
ఒక పురుగు తీరిగ్గా నడిచొచ్చి చంపి పోయింది.
రెండోసారీ బూట్లే. మూడోసారీ.
"మంచి బూట్లు" అన్నారు, "లేసులు లేవు."

విసుగొచ్చింది.
ముసలివాళ్ళకివి రావని క్లాసులో అంటారు,
నేనూ అన్నదాన్నే.
అప్పుడు చూశాను ఆయన బొటనవేలు.
అది తడుముకోవడం లేదు.
ప్రతిసారీ ఒకే కొలతలో, మెత్తగా,
వెనక్కి లాగుతోంది.

వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది.
ముక్కు లేస్తే ఆకాశం.
నలభై ఏళ్ళలో గాలి ఒక్కసారీ
ఆ మాటకు ఎదురు చెప్పలేదు.

సెట్టింగుల్లోకి వెళ్ళాను.
శబ్దం, భాష, కంపనం, నెత్తురు రంగు,
అన్నిటికన్నా అడుగున ఎవరూ ముట్టని గడి:
నిలువు అక్షం, తలకిందులు.
టిక్కు పెట్టి, ఏమీ అనకుండా
కంట్రోలర్ చేతికిచ్చాను.

బొటనవేలు వెనక్కి.
మీట.
తలుపు.

బయటికొచ్చాక పురుగుల సంగతే మరిచారు.
గని అంచున నిలబడి చూపును మెల్లగా పైకి లాగారు.
రెండు చందమామలు, ఒకటి సగం కొరికింది.
వాటి కింద మేఘాలు.
మూడుసార్లు ముగించాను ఈ ఆట,
ఇక్కడ మేఘాలున్నాయని నాకు తెలీదు.
"అడుగు బల్లపరుపుగా ఉంది చూడు,
దాని కింద గాలి లేస్తుంది.
అక్కడ సుడి తిరిగితే
మధ్యాహ్నమంతా దిగక్కర్లేదు."
అది గీసిన బొమ్మండీ, అన్నాను.
"గీసినవాడెవడో ఎగిరినవాడే."

వెనక టకటకమని గాజుకాళ్ళు.
నేను అరిచాను. ఆయన తిరిగారు.
పదకొండు మేకులు రాతికి, ఒకటి పురుక్కి.
అది కాళ్ళు ముడుచుకుని పక్కకి ఒరిగింది.
"పోయిందా?" అన్నారు, పాపం అన్నట్టే.
పోయింది.
కాసేపాగి,
"మళ్ళీ నింపాలన్నావే, ఏ మీట?"

మర్నాడు మా ఇంట్లో, నా గదిలో,
ఆ గడిలో టిక్కు తీయడం మరిచి ఆట తెరిచాను.
మేఘాలు చూద్దామని తల ఎత్తాను.
బూట్లు.
మళ్ళీ ఎత్తాను.
నిజమే, లేసులు లేవు.