నూనె కాదమ్మా

రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేయడం నా పని.
సింగరాయకొండ ల్యాబుకి పొద్దున ఆరింటికల్లా
ఊళ్ళపాలెం వైపు నుంచి సీసాలొస్తాయి.
ఒక్క చుక్క అద్దం మీద వేసి కన్ను ఆనిస్తే
ఉప్పెంతుందో నీలం గీత చెబుతుంది.
ఎకరాలకెకరాల నీటి గుట్టు తెలిసినదాన్ని,
నా కారు బానెట్ కింద
పిడికెడు డబ్బాలో ఏముందో
ఐదేళ్ళుగా చూళ్ళేదు.

ఘాట్ దిగుతున్నాం, దోర్నాల వైపు.
వెనక సీట్లో కొత్త గుండుతో పెద్దమ్మ,
ఒళ్ళో ప్రసాదం పొట్లం, నోరు తెరిచి నిద్ర.
ముందు వెదురు లారీ.
దాని వెనకే బ్రేకు మీద కాలు, బ్రేకు మీద కాలు,
మలుపు మలుపుకీ కాలు.
ఏడో మలుపో, ఎనిమిదోదో,
పెడల్ మెత్తబడింది.
తెగలేదు, విరగలేదు, మెత్తబడింది,
నానిన అటుకుల్లో అడుగేసినట్టు.
నేల దాకా పోయింది.
కారు మాత్రం ఆగలేదు.

రెండో గేరు. ఒకటో గేరు. ఇంజన్ అరిచింది.
హ్యాండ్ బ్రేకు ఒక్కో పన్నే లాగాను.
ఎడమ పక్క కంకర కుప్ప,
ఎవరు పోసి మరిచిపోయారో,
వాళ్ళ కడుపు చల్లగుండ.
పెద్దమ్మ లేచి, "దోర్నాలొచ్చిందా?" అంది.

అరగంటకి
పెడల్ మళ్ళీ గట్టిపడింది
ఏమీ ఎరగనట్టు.
ఆ ఎరగనితనానికే ఎక్కువ వణికాను.

సోమవారం, రైలు గేటు పక్కన సిలార్ షెడ్డు.
మూత తిప్పి టార్చి వేశాడు.
నవ్వలేదు, తిట్టలేదు.
"తేనె రంగుండాల. చింతపులుసు మాదిరుంది చూడండి."
ఆయిల్ పాడైందా అన్నాను.
"నూనె కాదమ్మా.
నూనైతే నీళ్ళని దగ్గరికి రానీదు.
ఇది పిలిచి మరీ తాగుద్ది.
మూతలోంచి, రబ్బరు గొట్టంలోంచి,
ఎంత బిగించినా తడి వెతుక్కుంటది.
మన సముద్రపు గాలి సంగతి మీకు నేను చెప్పాల్నా,
రాత్రి మూతేసిన ఉప్పు తెల్లారికి ముద్ద."

కొత్తది రెండొందల ముప్ఫై డిగ్రీలకి గాని మరగదట.
నీళ్ళు కలిసేకొద్దీ ఆ గీత దిగుతూ దిగుతూ వస్తుందట.
ఘాట్‌లో చక్రాల దగ్గరంతా నిప్పులే గదా,
లోపలి నీళ్ళు మరిగి బుడగలైతే
కాలు నొక్కేది బుడగల్ని, బ్రేకుని కాదు.
చల్లారితే బుడగలు మళ్ళీ నీళ్ళు.
అదీ ఆ ఎరగనితనం.

"ఎన్నాళ్ళకి మార్చాలి?"
"రెండేళ్ళకి. బండి తిరిగినా, తిరక్కపోయినా.
ముసుగేసి పడుకోబెట్టిన బండి కూడా తాగుద్ది."

కుర్రాడు కసుమూరు గంధానికి పోయాడు,
పెడల్ దగ్గర నేనే కూర్చున్నాను.
దూరపు చక్రం ముందు, దగ్గరది ఆఖరు.
కారు కింద నుంచి గొంతొక్కటే వినిపిస్తుంది.
మొదటి చక్రానికి, "తొక్కండి మేడమ్, అట్టే పట్టుకోండి."
మూడో చక్రానికి మిగిలింది
తొక్కు,
పట్టు,
వదులు.
సన్నటి గొట్టంలో నల్లటి నీరు, దాంట్లో
హేచరీ సంచిలో రొయ్యపిల్లల్లా బుడగలు.
తొక్కు. పట్టు. వదులు.
బుడగలు తగ్గాయి. రంగు తేరింది.
అరికాలి కింద ఏదో
ఎదురు తిరగడం మొదలెట్టింది.
ఎదురు తిరిగితే ఇంత హాయి అని
ఎవరికైనా చెబితే నవ్వుతారు.

బ్యాగులోంచి నా పరికరం తీసి
పాతదాని చుక్కొకటి అద్దం మీద వేశాను.
నీలం లేదు, గీత లేదు, అంతా తెలుపు.
నా కొలతల్లో దానికి చోటే లేదు.
"తొందరగా కడగండి, పెయింటునే తినేస్తది అది," అన్నాడు సిలార్.

సీసాలో మిగిలింది ఇంటికి తీసుకెళ్ళనా?
"సీలు తీసినాక సీసా కూడా తాగుద్ది. వదిలేయండి."
డబ్బా మీద తెల్ల టేపు అంటించి
శాంపిల్ సీసా మీద రాసినట్టే తేదీ రాశాను,
కింద రెండేళ్ళ తర్వాతి తేదీ.

రైలు గేటు పడింది. ఆగాను.
చెన్నై వైపు గూడ్సు, పెట్టె తర్వాత పెట్టె.
గేటు లేచింది.
అయినా ఇంకోసారి తొక్కి చూశాను.
వెనక ఆటోవాడు హారన్ కొట్టి ఏదో అన్నాడు.
అననీ.
ఇంకోసారి తొక్కాను.