జి పన్నెండు

కొత్త వెబ్‌సైట్ అట. నాటకం తెరలాగే
మెల్లగా విచ్చుకుంటుంది, ముదురెరుపు మఖమల్ రంగులో.
టికెట్ ఎక్కడ కొనాలో మాత్రం చెప్పదు.

వెతగ్గా వెతగ్గా గళ్లు కనిపించాయి.
జి వరసలో పన్నెండు నొక్కాను.
గడియారం వెనక్కి పరిగెత్తుతోంది,
ఓటీపీ ఇంకా సిల్క్‌బోర్డ్ సిగ్నల్ దగ్గరే ఉన్నట్టుంది.
అది చేరేసరికి
"మీ సమయం ముగిసింది" అంది తెర.
డాక్టరు కూడా అంత నిబ్బరంగా చెప్పడు.

మర్నాడు మల్లేశ్వరంలో బస్సు దిగి నడిచాను.
టికెట్ల కిటికీకి అట్ట కొట్టేశారు.
లోపలుండే పుట్టయ్య
గేటు పక్కన స్టూలు మీద, మెడలో స్కానరు వేలాడేసుకుని.

కళ్లు చికిలించి నా ఫోన్లోకి చూశాడు.
"జి పన్నెండు బేడమ్మా, స్తంభం అడ్డం."

నా ఫోన్లో
ఆ హాలుకి స్తంభాలే లేవు.