రెండు మెట్లు దించి

నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో
ఇరానీ హోటల్ మీద రెండో అంతస్తు.
గంటకు నాలుగు వందలు, సమోసాలు వేరే.
డిపోలో ముగ్గురికీ ఒకే బుధవారం ఆఫ్ దొరికేది
ఏడాదికోసారి.
వచ్చినం.

సోఫాకు చిరుగు, గోడకు ఎర్ర లైటు.
తెర మీద నీలం గీతలు జరుగుతుంటయి,
వాటి మీద గొంతు అడుగు తప్పకుంట నడిస్తే
మార్కులంట.

ముందుగాల కళావతి.
చిన్నప్పుడు హన్మకొండల నాలుగేండ్లు నేర్చుకుంది,
పోస్టుమాస్టర్ భార్య దగ్గర, వంటింటి గడప మీద కూసోని.
పల్లవిలో ఒక్క అక్షరం పట్టుకొని
జిలేబీ చుట్టినట్టు చుట్టి వదిలింది.
నా చేతుల మీద వెంట్రుకలు లేచినయి.
మిషన్ అరవై నాలుగు ఇచ్చింది.

"గమకం దానికి తెల్వదు" అంది ఫర్హానా.
"గొంతు ఊగితే తప్పు రాసుకుంటది.
సున్నం కొట్టిన గోడ లెక్క పాడాలె, సాఫ్‌గా."
డిపోలో ఏ టికెట్ మిషన్ మొరాయించినా
మెకానిక్ కంటే ముందు ఈమెకే కబురు.
సమోసా నములుకుంట చెప్పింది:
మైకు పెదవికి రెండు వేళ్ల దూరం.
లైను ఎక్కకముందే గాలి గుంజుకో, నడుమ దిగి కాదు.
ఏడుపు పాటలొద్దు, కొసలు జారిపోతయి.
నచ్చిన పాట ఇంట్లో పాడుకో,
ఇక్కడ అందే పాట తీయి.
"ఆడోళ్ల పాటలన్నీ అయిదో అంతస్తుల కట్టిండ్రు అక్కా,
లిఫ్టు పెట్టలే."

నేను విన్ననా?
ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ డే నాడు పాడిన పాటే తీసిన.
అప్పుడు ఆ పైస్థాయి నాకు
మామిడికొమ్మంత దగ్గర.
ఆ తరువాత పద్నాలుగేండ్లు
తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్,
ముందుకు జరుగుండ్రి, జరుగుండ్రమ్మా జరగుండ్రి.
ఇంజనే శ్రుతి పెట్టె.
డాక్టర్ అద్దం పెట్టి చూసి
గొంతులో కాయలు కాసినయన్నడు,
నాగలి పట్టిన అరచేతిలో కాసినట్టు.

చరణం ఎక్కేకాడ గొంతు రెండు ముక్కలైంది.
యాభై ఎనిమిది.

కళావతి చాయ్ చెప్పొస్తనని కిందికి పోయింది.
మైకు సోఫా మీద పడి ఉంది.
తరువాతి పాట దానంతట అదే మొదలై
ఎవ్వరం పాడకముందే అయిపోయింది.
ఏసీ గురకను విన్నదో, ఫర్హానా చెప్పుల చప్పుడో,
తెర మీద చుక్కలు మెరిసినయి:
అరవై ఒకటి.

నవ్వినం. కడుపు పట్టుకొని నవ్వినం.
చాయ్ తెచ్చిన పిలగాడు భయపడి తలుపు దగ్గరనే నిలబడ్డడు.
నేనింకా నవ్వుతనే ఉన్న
కానీ ఆ మూడు మార్కులు
గొంతులో చేపముల్లయి ఆగినయి.

"మొగోళ్ల పాట తీస్తవా?" అంది ఫర్హానా.
"రెండు మెట్లు దించుత."
ఫుట్‌బోర్డు దిగినట్టు దిగిన.
అక్కడ నాకు తెలిసిన గొంతే ఉంది.
రాత్రి డిపోలో చిల్లర లెక్కపెట్టేటప్పుడు
పదులు ఒకదిక్కు, ఇరవైలు ఒకదిక్కు పేర్చుకుంట
నాకు నేను వినిపించుకునే గొంతు.
దానికి ఎవ్వరూ పాట ఇయ్యలే ఇన్నాళ్లు.
గీతలు నా కిందికొచ్చి ఆగుతున్నయా
నేనే వాటి మీద నడుస్తున్ననా, చూడలే.
తొంభై రెండు అని కళావతి అరిచింది.
అప్పటికి సమోసాలు చల్లారినయి,
ఇంకా ఏడు నిమిషాలు మిగిలి ఉంటే
మళ్లా అదే పాట పెట్టించుకున్న.

తెల్లారి అయిదు పదికి ఫస్టు ట్రిప్పు.
పూల గంపతో ఒక ముసలామె, హాస్టల్ పిల్లలు ఇద్దరు.
జీరో టికెట్ చింపి ఇచ్చి
రెండు మెట్లు దించి పిలిచిన:
తార్నాకా.

ముసలామె గంప సర్దుకుంట తలెత్తింది.
"సర్ది చేసిందా బిడ్డా?"

లేదవ్వా, అన్న.
హబ్సిగూడ.